కుడి సీట్లో కుర్రాడు

జొన్నాడ వంతెన మీంచి గౌతమిని చూస్తూ పెరిగిన కుర్రాడు మీరే అనుకోండి. కొత్తగా కో-పైలట్ అయ్యారు. హైదరాబాద్‌లో, సిమ్యులేటర్‌లో కుడి సీట్లో కూర్చున్నారు. పట్టీలు భుజాల్ని నొక్కుతున్నాయి. ఎదుట అద్దంలో మంగళూరు: కొండ నెత్తిన రన్‌వే, అది దాటితే లోయ.

ఎడమ సీట్లో కెప్టెన్‌గా శిక్షకుడు. మీ నాన్నగారి వయసు. విమానం ఉండాల్సిన ఎత్తు కన్నా బాగా పైనుంది. ఆయన ముక్కు దించేశారు. మరీ వేగంగా కిందికి పోతున్నారని, "సింక్ రేట్" అంటూ యంత్రం హెచ్చరిస్తోంది. నేల మీదికొస్తోంది. ఇలా దిగకూడదని మీకు తెలుసు. నోరు మాత్రం పెగలడం లేదు.

2010 మే 22 తెల్లవారుజామున, దుబాయ్ నుంచి ఇదే రన్‌వేకి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానంలో కో-పైలట్‌కి నోరు పెగిలింది. "గో అరౌండ్" అని, అంటే దిగకుండా మళ్లీ పైకి లేపమని, మూడుసార్లు అన్నాడు. దారిలో చాలాసేపు నిద్రపోయి లేచిన కెప్టెన్ దించడానికే చూశారు. కో-పైలట్ కంట్రోల్స్ చేతిలోకి తీసుకోలేదు. 158 మంది పోయారు, 8 మంది బతికారు. అతన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. పెద్దల చేతిలోంచి పగ్గాలు అందుకోవడం మన ఇళ్లలో ఎవరూ నేర్పరు. శిక్షణలోనే నేర్పాలి.

టెనెరిఫే విమానాశ్రయంలో రెండు విమానాలు ఢీకొని 583 మంది పోయిన రెండేళ్లకు, 1979లో, నాసా సదస్సు పెట్టింది మొదలు కాక్‌పిట్‌లో మనుషుల నడవడిక కూడా పాఠమైంది. ఇప్పుడు పరిశోధకుల చూపు ఉలికిపాటు మీద ఉంది. ఏ లోపం ఎప్పుడొస్తుందో తెలియకుండా, రకరకాలుగా సాధన చేసిన పైలట్లు అనుకోని ఆపదను మెరుగ్గా ఎదుర్కొన్నారని 2018లో నెదర్లాండ్స్ పరిశోధకురాలు ఆన్‌మరీ లాండ్‌మన్ బృందం చూపింది. సిమ్యులేటర్‌లో కెప్టెన్ ఇలా చేస్తారని మీకు ముందు చెప్పకపోవడం అందుకే. చివరికి మీ నోరు పెగిలింది.

"గో అరౌండ్!"

జవాబు లేదు.

"కెప్టెన్, గో అరౌండ్!"

లేదు. రెండు పిలుపులకూ పలక్కపోతే ఆయన స్పృహలో లేనట్టే లెక్క.

"ఐ హ్యావ్ కంట్రోల్స్."

ఎడమచెయ్యి థ్రస్ట్ లీవర్ల మీదికి వెళ్లింది, వేలు మీట నొక్కింది. సీటు వీపును తోసింది. ముక్కు లేచింది. రన్‌వే కిందికి జారిపోయింది.

లైట్లు వెలిగాక శిక్షకుడు మీవైపు తిరిగారు.

"మొదటి పిలుపుకే అంతసేపు ఎందుకాగావు?"

"మీరు పెద్దవారు కదా సార్."

"రేపు మళ్లీ చేద్దాం. ఏం చెడుతుందో మాత్రం చెప్పను."