లక్కిరెడ్డిపల్లె కనుమ



నేను చాలకాలము పాఠశాలలో చరిత్రము చెప్పితిని. 1750 డిసెంబరులో నాజరుజంగు హతుడయ్యె ననియు, 1751 ఫిబ్రవరిలో ముజఫరుజంగు హతుడయ్యె ననియు రెండు వాక్యములు వ్రాయించి ముందు పాఠమునకు బోవుట నా యలవాటు. ఒకనాడు రాయచోటి ప్రాంతపు బాలు డొకడు లేచి, "అయ్యవారూ, పేచీ నైజాము ఇంట్లోది గదా, సావు మా కనుమ కాడ ఎందుకైంది?" అని యడిగెను. ఆనాడు సరియైన యుత్తరము చెప్పలేక పోయితిని. నేటి ప్రసంగ మా బాలునకు ఆలస్యముగా నిచ్చుచున్న సమాధానము.

1748 జూన్ 1వ తేదీన బురహానుపురమున నిజాముల్ముల్కు అసఫజా కాలధర్మము నొందెను. దక్కను సుబా తనదని రెండవ కుమారుడగు నాజరుజంగు, తనదని దౌహిత్రుడగు ముజఫరుజంగు తలపడిరి. పుదుచ్చేరినుండి ఫ్రెంచి గవర్నరగు డూప్లే దౌహిత్రుని పక్షము వహించెను. ఆంగ్లేయులు కుమారుని పక్షమున నిలిచిరి. ఇంటిపోరు దేశపుపో రయ్యెను.

ఈ పోరునకు సరిహద్దున నున్నవి మన పఠాను సంస్థానములు. కర్నూలున పన్నీ వంశము, కడపయందును సవనూరునందును మియానా వంశము. పేరునకు సుబేదారునకు లోబడిన వారే. పేష్కషు చెల్లించి, పిలిచినపుడు సేనతో రావలసిన వారే. కాని దక్కనునుండి కర్ణాటకమునకు దిగు త్రోవలును కనుమలును వీరి యధీనమున నుండెను. కావున నిరుపక్షములవారికిని వీరి మైత్రి యావశ్యకమయ్యెను.

1750లో నాజరుజంగు దక్షిణమునకు దండెత్తుచు మువ్వురు నవాబులను వెంట గొనిపోయెను. పుదుచ్చేరి చేరువను ఫ్రెంచి సైనికోద్యోగులలో తిరుగుబాటు పుట్టి వారి సేన వెనుదీయగా ముజఫరుజంగు నిస్సహాయుడై, అభయము నమ్మి మేనమామకు లొంగిపోయెను. నాజరుజంగు అభయము మరచి యాతనికి సంకెలలు వేయించెను. అభయమునకు మధ్యవర్తులైన నవాబులు దానిని తమకు జరిగిన యవమానముగా నెంచిరి. పేష్కషు బకాయిల భారమును వారి మనస్సులో నుండెను. అప్పటినుండి డూప్లేతో రహస్యలేఖలు మొదలయ్యెను. ఈ మంతనములు ఏడు మాసములు నడచినవని ఆంగ్ల చరిత్రకారుడగు ఓర్మే వ్రాసెను. సుబేదారుని శిబిరములోనే డేరాలు వేసికొని, సుబేదారుని శత్రువునకు జాబులు వ్రాయుట! చారుల నోట, పారసీక లేఖలలో కుట్ర పక్వమయ్యెను. ఫ్రెంచివారు సెంజికోటను పట్టుకొనిన పిమ్మట లేఖకులకు ధైర్యము హెచ్చెను.

ఇచట నొక విచిత్రము గలదు. డూప్లే ఒక చేతితో నవాబులకు జాబులు వ్రాయుచు, రెండవ చేతితో నాజరుజంగుతో సంధి మాటలాడుచుండెను. వానలచే విసిగిన నాజరుజంగు తుదకు సంధికి సమ్మతించి పత్రమును పంపెను. కాని యింతలోనే నవాబుల కబురందిన ఫ్రెంచి సేనాని దెలాటూషు 800 మంది ఐరోపావారితోను, 3,000 మంది సిపాయిలతోను, పది ఫిరంగులతోను సెంజినుండి బయలుదేరెను. దాడి యాపుమని డూప్లే పంపిన యుత్తరువు సకాలమున నందలేదు. 1750 డిసెంబరు 16వ తేదీన, అనగా పదునొకండు దినములు వెనుకబడిన నాటి ఆంగ్లేయుల పంచాంగము ననుసరించి 5వ తేదీన, నాజరుజంగు ఏనుగునెక్కి, యుద్ధమునకు గదలని నవాబులకడకు స్వయముగా బోయెను. అచటనే తుపాకి గుండు తగిలి కూలెను. కాల్చినవాడు కడప నవాబని ఓర్మే వ్రాయగా, కర్నూలు నవాబగు హిమ్మతుఖానుడని పారసీక గ్రంథములు చెప్పుచున్నవి. చేయి యెవరిదైనను కుట్ర యందరిది.

సంకెలలలోని ముజఫరుజంగు ఆ దినముననే సుబేదారయ్యెను. నవాబులు ప్రతిఫల మడిగిరి: మూడేండ్ల పేష్కషు మాఫీ, క్రొత్త పరగణాలు, నాజరుజంగు ధనాగారములో సగము. డూప్లే మధ్యవర్తియై తగ్గించి యొప్పించెను. వారు సరే యనిరి గాని, లోన సమ్మతింపలేదు. ఒకప్రభువును దింపుటకు వ్రాసిన చేయి రెండవవానిని దింపుటకు వెనుదీయునా?

1751 జనవరిలో ముజఫరుజంగు పుదుచ్చేరినుండి ఉత్తరమునకు బయలుదేరెను. వెంట బుస్సీ, 300 మంది ఐరోపావారు, 2,000 మంది సిపాయిలు, పది ఫిరంగులు. సేన కడప సీమలో ప్రవేశించినపుడు కొందరు రావుతులు ఒక గ్రామస్థులతో కలహించి, ఆ గ్రామమును, చేరువనున్న మరి రెండు మూడు గ్రామములను తగులబెట్టిరి. కడప నవాబు దీనినే నెపముగా గొని సేన వెనుకభాగముపై దాడి చేయించెను. కారణమడుగ వచ్చిన బుస్సీ దూతలకు మీ మధ్యవర్తిత్వమునకు లోబడెద నని వినయముగా చెప్పి, సుబేదారుని దూతలకు మాత్రము కత్తిబట్టి యాతనికొరకే కాచియున్నా నని కబురంపెను. ఆ కోపమంతయు అప్పటికప్పుడు పుట్టినది కాదు. రాయచోటికి సమీపమునగల లక్కిరెడ్డిపల్లె కనుమలో ఫిరంగులు కొన్ని దినములకు ముందే చేర్చబడి యుండెను.

బుస్సీ ఫిరంగులముందు పఠానులు నిలువలేకపోయిరి. సవనూరు నవాబు చచ్చెను. కడప నవాబు గాయపడి పారిపోయెను. ముజఫరుజంగు ఫ్రెంచివారిని వెనుక విడిచి కర్నూలు నవాబును వెన్నాడగా, హిమ్మతుఖానుడు తిరిగి నిలిచి పోరాడెను. ముజఫరుజంగు ఈటెపోటున తల పగిలి పడెను. హిమ్మతుఖానుడును అచటనే తునుకలయ్యెను. బుస్సీ తడవు చేయక, శిబిరమున బందీగానున్న సలాబతుజంగును సుబేదారుని చేసెను. దారిలో కర్నూలు కోటను లగ్గలెక్కి పట్టుకొనిరి. కోటకావలి పఠానులు పలువురు హతులైరి. నవాబు భార్యాపుత్రులు చెరబడిరి. తుంగభద్ర యొడ్డున కొండారెడ్డి బురుజును జూచినపుడెల్ల నాకీ కథయే జ్ఞప్తికి వచ్చును.

ఇక బాలుని ప్రశ్న. నవాబుల జాబులలో పేష్కషులు, పరగణాలు, ధనాగారములు గలవు. కాలిన ఆ మూడు నాలుగు గ్రామముల పేళ్లను ఓర్మే యైనను వ్రాయలేదు. నవాబుల కోటల కావలి పఠానులది. పల్లెల కావలి పల్లెలదే. మన సీమలో ఊరూర నిలిచిన బురుజులే ఇందుకు సాక్ష్యము. తలారులు, స్వల్పమైన కట్టుబడి చెల్లించి మాన్యము ననుభవించు కట్టుబడి బంట్రోతులు, పాలెగాండ్ర బంట్లు - వీరే ఆ కావలి. ఈటెలతోను జామగీ తుపాకులతోను బురుజునెక్కి పశువులను, పాతరలోని జొన్నలను కాచుకొనిరి. ప్రభువులు మారుచుండగా వారు తమ యూరిని విడువలేదు. కాని ప్రభువుల కలహము నడివీథిలోనికి వచ్చినపుడు బురుజు సేనల నాపలేకపోయెను.

1800లో ఈ సీమ కుంఫిణీవారి వశమైనపుడు మన్రో ఇచట ఎనుబదిమంది పాలెగాండ్రను చూచెను. ఏబదియేండ్ల రాజకలహములే వారి నంతటి బలవంతులను జేసెనని నా యభిప్రాయము. ప్రభుత్వము కాపాడనిచోట ప్రజ కత్తిగలవాని నీడ జేరును. మాన్యములకు ముప్పు వాటిల్లినపుడు 1846లో కోవెలకుంట్ల ప్రాంతమున నరసింహారెడ్డి వెంట నడచినవారిలో ఈ కట్టుబడివారే యెక్కువ.

నవాబులను ద్రోహులని దూషించుట సులభము. వారికి వ్రాసిన డూప్లేయు, అభయము తప్పిన నాజరుజంగును వారికంటె శుద్ధులు కారు. నేను నిందించునది వేరొకటి. సరిహద్దున నున్నవాడు ఇరువురకును జాబులు వ్రాసి బ్రదుకవచ్చునని తలచును. కాని యుద్ధము వచ్చుత్రోవ వాని పొలములోనిదే. జాబు పుదుచ్చేరికి బోయెను. దాని యుత్తరము లక్కిరెడ్డిపల్లె కనుమకు వచ్చెను.

నాయనా, నీ ప్రశ్నకు సమాధాన మిదియే. నీ వెచటనున్నను ఇది విందువు గాక.