‘అడ్వెంచర్’ క్రీడ: మూలపాఠం, కర్తృత్వ సమస్య

బొమ్మలు లేకుండా కేవలం వాక్యాలతో నడిచిన తొలి కంప్యూటర్ క్రీడలలో ‘అడ్వెంచర్’ ముఖ్యమైనది. అమెరికాకు చెందిన విల్ క్రౌథర్ 1975-76 ప్రాంతంలో పీడీపీ-10 యంత్రంపై, ఫోర్‌ట్రాన్ భాషలో దీనిని రచించాడు. ఆయన గుహాన్వేషకుడు కూడా. కెంటకీలోని మామత్ గుహలలో ఆయనకు స్వయంగా పరిచితమైన మార్గాలే ఇందలి వర్ణనలకు ఆధారం. ఆటగాడు ఒకటి రెండు మాటలలో ఆజ్ఞ టైపు చేస్తే యంత్రం వర్ణనతో బదులిస్తుంది.

1977లో స్టాన్‌ఫర్డ్‌లో డాన్ వుడ్స్, క్రౌథర్ అనుమతితో దీనిని విస్తరించాడు. ప్రచారం పొందినది ఈ విస్తృత పాఠమే. క్రౌథర్ మూలం చాలాకాలం అలభ్యంగా ఉండడంచేత, వాస్తవ గుహ క్రౌథర్‌దనీ, అద్భుతకల్పన వుడ్స్‌దనీ ఒక అభిప్రాయం వ్యాపించింది.

వుడ్స్ పాత విద్యార్థి ఖాతా నకళ్లలో లభించిన మూలాన్ని పరిశీలించి డెన్నిస్ జెర్జ్ 2007లో వెలువరించిన వ్యాసం ఈ అభిప్రాయాన్ని సవరించింది. గొడ్డలి విసిరే మరుగుజ్జులు, మంత్రపదం క్రౌథర్ పాఠంలోనే ఉన్నాయి. మార్కుల లెక్క మాత్రం వుడ్స్ చేర్పు.

ప్రచలిత పాఠాన్ని బట్టి కర్తృత్వాన్ని నిర్ణయించరాదన్నది తాళపత్ర పరిష్కర్తలకు తెలిసిన సూత్రమే. ఇరవయ్యో శతాబ్దపు కృతికి సైతం అది వర్తించడం గమనార్హం. యంత్రంలో పుట్టిన రచనకూ ప్రతిసంరక్షణ అవసరమని దీనివల్ల స్పష్టమవుతున్నది.