గూడవల్లి రామబ్రహ్మం

గూడవల్లి రామబ్రహ్మం (1902–1946) తెలుగు సినీ దర్శకుడు, నిర్మాత, పత్రికా సంపాదకుడు. కృష్ణా జిల్లా నందమూరులో పుట్టాడు. తెలుగు టాకీకి పదేళ్లయినా నిండక ముందే, పురాణకథలదే పైచేయిగా ఉన్న రోజుల్లో, పల్లెల్లో రగులుతున్న రెండు తగవులను తెరమీదికి తెచ్చాడు. ఒకటి గుడి ప్రవేశం, రెండోది భూమి.

ఆయన యవ్వనంలో బెజవాడకు రాజకీయమూ సినిమా దాదాపు ఒకేసారి వచ్చాయి. 1921 మార్చి 31న మొదలైన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశానికి గాంధీ అక్కడికి వచ్చాడు. పోతిన శ్రీనివాసరావు మారుతీ సినిమా హాలు తెరిచిందీ ఆ ఏడాదే. రామబ్రహ్మం చదువు మధ్యలో ఆపి జాతీయోద్యమంలోకి వెళ్లాడు. తర్వాత మద్రాసు చేరి సమదర్శిని, ప్రజామిత్ర పత్రికలకు సంపాదకత్వం వహించాడు. సినిమా నిర్మాణంలోని మెలకువలు వేల్ పిక్చర్స్‌లో పనిచేస్తూ నేర్చుకున్నాడు.

దర్శకుడిగా తొలి చిత్రం సారథి ఫిలిమ్స్ వారి ‘మాలపిల్ల’ (1938). కథ చలానిది, మాటలు తాపీ ధర్మారావువి. ఛాందస బ్రాహ్మణుడి కొడుకు దళిత యువతిని ప్రేమించడం ఇతివృత్తం. నాయిక కాంచనమాల. తిరువాన్కూరులో దేవాలయాల తలుపులు అందరికీ తెరిచి అప్పటికి రెండేళ్లే. మద్రాసు రాష్ట్రంలో ఆ వాదం ఇంకా వేడిమీదే ఉంది. సనాతనులు మండిపడ్డారు, జనం మాత్రం విరగబడి చూశారు. వాడుకభాషలో సాగిన ఆ మాటలు చిత్రానికి పెద్ద బలం.

‘రైతుబిడ్డ’ (1939) అంతకన్నా సాహసం. ఎన్నికల్లో జమీందారు మనిషిని కాదని రైతుల అభ్యర్థి పక్షాన నిలిచిన సన్నకారు రైతు పడిన కష్టాలే కథ. 1937 ఎన్నికలు అయిపోయాయి, జమీందారీ రైతుల ఇక్కట్లపై టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన కమిటీ నివేదిక వచ్చింది. అంటే ప్రేక్షకుడు ఇంట్లో, రచ్చబండ దగ్గర మాట్లాడుకునే సంగతే తెరమీద కనిపించింది. రైతు వేషం బళ్లారి రాఘవది. రంగస్థలాన్ని ఏలిన ఆ మహానటుడు చేసిన సినిమాలు వేళ్లమీద లెక్కించదగినవే. ఆయన్ను ఈ పాత్రకు ఒప్పించడం రామబ్రహ్మం చేసిన గొప్ప పని. మాటలు త్రిపురనేని గోపీచంద్ రాశాడు. అచ్చమైన పల్లె నుడికారంతో కొసరాజు రాఘవయ్య చౌదరి గీత రచయితగా సినిమాల్లోకి వచ్చిందీ దీనితోనే. వెంకటగిరి, బొబ్బిలి జమీందారులు చిత్రానికి అడ్డుపడ్డారు. కొన్నిచోట్ల ప్రదర్శన నిషేధించారు. ఇంత జరిగిన ఈ చిత్రాన్ని తీసిన సారథి సంస్థ వెనుక ఉన్నది కూడా ఒక జమీందారే, చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్. తన వర్గాన్నే నిలదీసే కథకు ఆయన అండగా నిలవడం చరిత్రలో అరుదు.

తర్వాత ‘ఇల్లాలు’ (1940), ‘అపవాదు’ (1941), కణ్ణగి కథతో ‘పత్ని’ (1942), ‘పంతులమ్మ’ (1943) వచ్చాయి. ‘ఇల్లాలు’ సాలూరి రాజేశ్వరరావు సంగీతానికి పేరు తెచ్చింది. ‘మాయాలోకం’ (1945) జానపదం. అందులో కథానాయకుడు కృష్ణా డెల్టా కుర్రాడే, అక్కినేని నాగేశ్వరరావు. తొలి రెండు చిత్రాల్లోని పదును వీటిలో లేదు.

పల్నాటి వీరగాథ తలపెట్టి కొంత తీశాక రామబ్రహ్మం జబ్బుపడ్డాడు. 1946 అక్టోబరు 1న కన్నుమూశాడు. కన్నాంబ నాగమ్మగా, గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయుడుగా నటించిన ఆ ‘పల్నాటి యుద్ధం’ను ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేయగా, 1947లో విడుదలైంది.