పంకాత్రాటి రెండవ కొన

వేసవిలో పరస్థలమున బసచేయువాడు మొదట విచారించునది భోజనమును గూర్చి కాదు, గాలిని గూర్చియే. గదికి కిటికీలెన్ని, పంకా తిరుగునా, రాత్రి నిద్రపట్టునా యను ప్రశ్నలు తక్కినవానికంటె ముందు పుట్టును. ఈ ప్రశ్నలకు ఒక్కొక్క కాలమువారు ఒక్కొక్క విధముగా సమాధానము చెప్పుకొనిరి. ఆ సమాధానముల చరిత్ర అల్పవిషయముగా కనబడును గాని, దానిని కొంత దూరము వెంబడించినచో మన సంఘమును గూర్చి తెలిసికొనదగిన సంగతులు పెక్కులు బయల్పడును.

గత వైశాఖమాసమున సికింద్రాబాదు కంటోన్మెంటు ప్రాంతమగు తిరుమలగిరిలో ఒక హోటలునందు మేము రెండు రాత్రులు గడపవలసివచ్చెను. గదిలో కాలుపెట్టగానే పరిచారకుడు అరచేతిలో ఇముడు మీటల పెట్టె నొకదానిని తీసి, అంకెను 18కి దించి, మాకు నమస్కరించి వెడలిపోయెను. అర్ధరాత్రమునకు చలిపుట్టి కంబళి కప్పుకొంటిమి. అంకెను పెంచబోగా మీటలు పనిచేయలేదు. విధిలేక కిటికీ తెఱచితిమి. వెలుపలి గోడకు బిగించిన యంత్రము వేడిగాలిని క్రింది సందులోనికి చిమ్ముచుండెను. ఆ సందులో హోటలు కావలివాడు స్టూలుపై కూర్చుండి, అట్టముక్కతో విసరుకొనుచుండెను. నడివేసవిలో మేము కంబళి కప్పుకొనుటయు, నడిరేయి నాతడు విసరుకొనుటయు ఒకే యంత్రము చేసిన పని. ఈ తిరుమలగిరి పూర్వకథ నెఱిగినవారికి ఆ దృశ్యము క్రొత్తది కాదు.

గదిని చల్లబఱచుకొను విద్య మనకు పాశ్చాత్యులు నేర్పినది కాదు. తాళవృంతము, ఉశీరము, చందనము, ధారాగృహము అనునవి సంస్కృతకావ్యములు చదివినవారికి చిరపరిచితములు. ఋతుసంహారమునందలి గ్రీష్మవర్ణనలో కాళిదాసు జలయంత్రమందిరమును పేర్కొనెను. అయితే అవి రాజులకును శ్రీమంతులకును దక్కిన భోగములు. సామాన్యులకు మందమైన మట్టిగోడ, మండువాలోగిలి, వీధియరుగు, ఆరుబయట మంచము, తాటాకు విసనకఱ్ఱ, కుండలోని నీరు మాత్రమే ఆధారములు. వీనితో పాటు బాటసారుల కొఱకు చలివేంద్రము లుండెడివి. చల్లదనమును ఒకడు కొనుక్కొను సరకుగా గాక, దారినపోవు దాహార్తునికి పెట్టవలసిన ధర్మముగా ఎంచిన సంస్థ యది. దానియందును కులభేదములు పాటించి, కొందఱికి దూరమునుండి దొప్పలలో నీరుపోసిన మాట మనము మఱవరాదు. అయినను ఆ సంస్థకు మూలమైన భావము గొప్పది.

పూర్వము ప్రయాణికుని బస సత్రము గాని, తోపు గాని, తనవెంట తెచ్చుకొన్న డేరా గాని అయియుండెను. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో, అనగా ఎండలు మండు దినములలో, చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి హైదరాబాదు మీదుగా సాగిపోయిరి. ఆయన వ్రాసిన కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చయ్యెను. ప్రతి మజిలీయందును దిగుటకు వసతి యెట్టిదో, నీరెట్టిదో ఆయన శ్రద్ధతో గుర్తించుటను చూచినచో, ఆనాటి ప్రయాణికునికి చెట్టునీడ ఎంత విలువగలదియో అర్థమగును.

దక్కను పీఠభూమి వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటినను గాలి పొడిగా నుండును. ఈ పొడితనమే వట్టివేళ్ల తడికకు ప్రాణము. ద్వారమునకు తడిక కట్టి నీరు చల్లినచో, దానిగుండ వచ్చు వడగాలి నీటిని ఆవిరిచేయుచు తన వేడిని కోల్పోవును. ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 580 కెలోరీల వేడి కావలెను. ఆ వేడి గాలినుండియే పోవును. సముద్రతీరమున గాలి తేమతో నిండియుండుటచే ఈ యుపాయము అంతగా సాగదు. కంపెనీవారి కాలమున దొరలు ఈ తడికలకు త్రిప్పుడుచక్రమును చేర్చి, థెర్మాంటిడోటు అను పెద్ద పెట్టెను కిటికీలలో అమర్చుకొనిరి. తడికపై నీరు చల్లుటకు ఒకడు, చక్రము త్రిప్పుటకు మఱియొకడు ఎండలో నిలువవలసియుండెను.

ఇక తిరుమలగిరి మాట. 1798 నాటి సైన్యసహకారపు ఒడంబడిక చేత ఆంగ్లేయసేన నిజాము రాజ్యమున స్థిరపడెను. 1806లో సికందర్ జా పేర సికింద్రాబాదు వెలసెను. ఆ దినములలో హిందూదేశమందలి ఆంగ్లసైనికులను శత్రువుల తుపాకులకంటె జ్వరములు, అతిసారము, విషూచి ఎక్కువగా చంపుచుండెను. 1859లో నియమింపబడిన రాజకీయసంఘము 1863లో తన నివేదికను ప్రకటించుచు, సైనికులలో సంవత్సరమునకు వేయింటికి 69 మంది మరణించుచుండిరని తేల్చెను. ఫ్లారెన్సు నైటింగేలు ఆ లెక్కలను పట్టుకొని బారకాసుల ఇఱుకుదనము, నీటి మాలిన్యము, గాలి చొఱని గదులు మొదలగువానిని ఘాటుగా ఖండించెను. 1873 నాటికి ఆ సంఖ్య 18కి దిగెనని ఆమెయే సంతోషముతో వ్రాసెను. 1857 విప్లవానంతరము తిరుమలగిరిలో ఖందకముతో కూడిన దండుప్రదేశ మేర్పడెను. ఆంగ్లేయుల నోట అది త్రిముల్గెర్రీ యైనది. ఎత్తైన కప్పులు, వెడల్పైన వరండాలు, గాలిదారులు గల బారకాసులు ఈ కాలపు దండులకు ఆదర్శములయ్యెను.

కాని వరండా ఎంత వెడల్పుగా నున్నను, మే నెల రాత్రి గాలి తనంతట కదలదు. అందుచేత పంకా అవసరమయ్యెను. దూలమునకు వ్రేలాడదీసిన కఱ్ఱచట్టము, దానికి గుడ్డ, ఆ చట్టమునుండి గోడలోని రంధ్రముగుండ వరండాలోనికి పోవు త్రాడు. ఇంతియే దాని నిర్మాణము. పంకా గాలిని చల్లబఱుపదు. దేహముమీది చెమటను త్వరగా ఆఱునట్లు చేయును. చెమట ఆఱునప్పుడు దేహముననున్న వేడి పోవును. కావున అది నిలిచినంతనే ఉక్క మరల క్రమ్మును. త్రాటి మొదటి కొన నిద్రించువానిపై నుండగా, రెండవ కొన గోడకావల ఒక కూలివాని చేతిలో నుండెను. చేతులు నొచ్చినప్పుడు అతడు త్రాటిని కాలిబొటనవ్రేలికి కట్టుకొని, వెల్లకిల పండుకొని లాగెడివాడు. గోడ యడ్డముండుటచే లోపలివారికి అతడు కనబడడు. పంకా ఆగినప్పుడే అతడున్నట్లు వారికి జ్ఞప్తికివచ్చును.

పంకా ఆగుట యనగా కూలివాడు నిద్రపోవుట. అది మనుష్యసహజము. చెమటతో మేల్కొనిన సైనికుడు లేచివచ్చి కాలితో తన్నుట ఆనాటి దండులలో తఱచు జరుగు సంగతి. ఆ దెబ్బలచే కొందఱు కూలీలు మరణించిరి. అట్టి వ్యాజ్యెములు న్యాయస్థానములకు వచ్చినప్పుడు వైద్యుడు సాక్ష్యమిచ్చుచు, మృతుని ప్లీహము మలేరియాచే ఉబ్బియుండెననియు, చిన్నదెబ్బకే పగిలెననియు చెప్పుట పరిపాటియయ్యెను. అంతట హత్యానేరము స్వల్పమైన దెబ్బగా మాఱి, జరిమానాతో ముగియుచుండెను. ఆగ్రాలో ఫుల్లర్ అను ఆంగ్లన్యాయవాది బండి తెచ్చుటలో జాగుచేసిన తన గుఱ్ఱపువానిని కొట్టగా వాడు మరణించెను; విధింపబడినది 30 రూపాయల జరిమానా. 1876లో లిట్టన్ ప్రభువు ఆ తీర్పును బహిరంగముగా గర్హించినందుకు ఆంగ్లపత్రికలు ఆయనపైననే మండిపడెను. కర్జన్ ప్రభువు 1902లో తొమ్మిదవ లాన్సర్సు దళమును ఒక వంటవాని మరణవిషయమై శిక్షించినప్పుడును అట్టి కోపమే చెలరేగెను.

ఈ కథకు సికింద్రాబాదులోనే ఒక విచిత్రమైన అనుబంధము కలదు. తిరుమలగిరికి కొన్ని మైళ్లలోనే యున్న బేగంపేటలో సైన్యవైద్యుడగు రోనాల్డు రాస్ 1897 ఆగస్టులో దోమలను కోసి సూక్ష్మదర్శినిలో పరిశీలించుచుండెను. ఉక్క దుస్సహముగా నుండెను. నొసటినుండియు చేతులనుండియు కాఱిన చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను. అయినను ఆయన పంకా లాగనీయలేదు. పంకాగాలికి కోసిపెట్టిన దోమలు ఎగిరిపోవునని ఆయన భయము. హుసేను ఖాను అను రోగిని కుట్టిన దోమలకు, దోమ కొక అణా చొప్పున, అతనికి కూలి ఇచ్చెను. ఆగస్టు 20వ తేదీన ఒక దోమ కడుపుగోడలో మలేరియాబీజము ఆయనకు కనబడెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమాన మిచ్చిరి.

పాఠకులు ఈ రెండు సంగతులను ప్రక్కప్రక్కన నుంచి చూతురుగాక. న్యాయస్థానములలో కూలివాని ఉబ్బిన ప్లీహము అతని జాతిలక్షణమువలె, కొట్టినవాని అదృష్టలోపమువలె చెప్పబడుచుండెను. అది వాస్తవముగా దోమకాటుచే వచ్చు, నివారింపదగిన వ్యాధి మిగిల్చిన చిహ్నము. రాత్రియంతయు వరండాలో దోమలనడుమ పండుకొని త్రాడు లాగినవానికి ఆ వ్యాధి రాక యెవ్వరికి రావలెను? లోపలివాని సుఖమునకై అతడు వెలుపల నుండెను. వెలుపల నుండుటచే వ్యాధిగ్రస్తుడయ్యెను. ఆ వ్యాధియే అతనిని చంపినవానికి రక్షణయయ్యెను. ఈ మాటను తేల్చిన రాస్ పంకాను మాన్పించి, ఆ ఉక్కను తానే భరించెను. అది దయచేత గాక పనికొఱకే యైనను, గమనింపదగినది.

దోషమంతయు దొరలదే యనుకొని మనము తృప్తిపడరాదు. మన జమీందారుల లోగిళ్లలోను, కచేరీలలోను, వకీళ్ల ఇండ్లలోను పంకాలు వ్రేలాడినవి. వానిని లాగినవారు మన పిల్లలే. 1924లో వెలువడిన ఆంగ్లనవలలో ఫార్‌స్టర్ న్యాయస్థానమందలి పంకాకూలిని విచారణకే మధ్యబిందువైనట్లు చిత్రించెను. దేశీయులమగు మనము ఆ కూలిని నిత్యము చూచుచుండియు, అతనిని గూర్చి వ్రాసినది స్వల్పము.

ఇంతలో యంత్రములు వచ్చెను. 1833లో అమెరికాలోని బోస్టను రేవునుండి ట్యూడరు అను వర్తకుడు పంపిన మంచుగడ్డలు ఓడలో కలకత్తా చేరెను. 180 టన్నులు బయలుదేరగా సుమారు 100 టన్నులు కరుగక మిగిలెను. అట్టి మంచు నిలువచేయుటకు చెన్నపట్టణమున 1842లో కట్టిన ఐస్‌హౌస్ నేటికిని వివేకానందభవనముగా నిలిచియున్నది. ఫ్లోరిడాలో జాన్ గోరీ యను వైద్యుడు జ్వరరోగుల గదులను చల్లబఱుపవలెనను తలంపుతో కృషిచేసి, 1851లో మంచు తయారుచేయు యంత్రమునకు హక్కుపత్రము పొందెను. 1902లో విల్లిస్ కారియర్ బ్రూక్లిన్ నగరపు ముద్రణాలయమున కాగితము తేమచే సాగకుండుటకై గాలిని చల్లబఱచి, తేమను అదుపుచేయు పద్ధతిని రూపొందించెను. మొదట రోగి, పిదప కాగితము. మనుష్యుని విలాసము అటుపిమ్మట వచ్చినది. 1903లో తెఱచిన బొంబాయి తాజ్‌మహల్ హోటలులో అతిథులకు విద్యుత్పంకాలు తిరిగెను. క్రమముగా బారకాసులలోను కచేరీలలోను త్రాడు తెగి, కూలివాడు కనుమఱుగయ్యెను.

త్రాడు తెగినమాట నిజమే; దాని రెండవ కొన మాత్రము పోలేదు. గదిని చల్లబఱచు యంత్రము వేడిని నశింపజేయదు, వెలుపలికి మోయును. గదిలోని వేడియు, తాను వాడిన విద్యుత్తు వేడియు కలిపి వీధిలో క్రుమ్మరించును. ఆ వీధిలో కావలివాడు, తోపుడుబండివాడు, చాలీచాలని రేకులయింట పసిబిడ్డను పండబెట్టిన తల్లి ఉందురు. లోపలివారికి వారు కనబడరు. ఇప్పుడును నడుమ గోడయే కలదు.

కావున యంత్రమునే విడనాడవలెనని మేము చెప్పము. వృద్ధులకు, రోగులకు, శిశువులకు అది ప్రాణరక్షకము. అడుగవలసినది మితమునే. 2020 జనవరినుండి మనదేశమున అమ్ముడగు గదియంత్రములు మొదట 24 డిగ్రీలయందే నిలుచునట్లు ప్రభుత్వము నియమము చేసినది. ఒక్క డిగ్రీ పెంచినచో విద్యుత్తు నూటికి ఆఱు పాళ్లు మిగులునని విద్యుత్పొదుపు సంస్థవారి లెక్క. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించినది. ఎండను త్రిప్పికొట్టు తెల్లని పూత కప్పులకు వేయుట దాని సారము. మన పెద్దలు మేడకు సున్నము కొట్టిన విద్యయే అది. ఇంట గాని బసలో గాని 26 అంకెను నిలిపి, పైన పంకా త్రిప్పుకొన్నచో సుఖనిద్ర పట్టును. చెమటను ఆర్చు పని పంకా చేయును.

రెండవదినమున మేము హోటలు యజమానితో ఈ మాట ప్రస్తావించితిమి. “అందరూ 18 మీదనే పెట్టమంటరు సార్, లేకుంటే కంప్లైంటు చేస్తరు” అని ఆయన న్యాయముగానే చెప్పి, మీటలపెట్టెను మార్చి ఇచ్చెను. ఆ రాత్రి 26లో సుఖముగా నిద్రించితిమి. తెల్లవాఱుజామున క్రిందికి దిగి, కావలివానిని వేడి బాధించుట లేదా యని అడిగితిమి.

“అలవాటైంది సార్” అని అతడు నవ్వెను.

వేడి వీరికి అలవాటే యని చెప్పి ఆనాటివారు పంకాకూలిని వరండాలో నుంచిరి. ఇప్పుడా మాటను ఇతరులు చెప్పనక్కఱలేదు, అతడే చెప్పుచున్నాడు. ఆ స్టూలును యంత్రపుగాలి తగలనిచోటికి జరిపించి, ఒక చిన్న పంకా పెట్టించుటకు హోటలు యజమానికి ఎంత వ్యయమగును? అతిథులలో పదిమంది అడిగినచో ఆయన కాదనునా? అడుగుటకు ముందు కిటికీ తెఱచి క్రిందికి చూడవలెను. మనలో చేయనివారు పెక్కురు, మొదటి రాత్రి మీటలు పనిచేసియుండినచో మేమును చేసియుండము.