కొలువు చేసేవాళ్ల చదువుకు ఖర్చు ఎవరిది?

శ్రీశైలంలో మల్లన్న దర్శనం అయ్యాక పంచమఠాల దాకా నడిచేవాళ్లు తక్కువ. ఘంటామఠం, భీమశంకర మఠం, విభూతి మఠం, రుద్రాక్ష మఠం, సారంగధర మఠం. రాతి గోడలు, లోపల చల్లటి చీకటి. 2021లో ఘంటామఠాన్ని బాగుచేస్తుంటే రాగిరేకులు బయటపడి పత్రికలకెక్కాయి. అక్కడ నిలబడిన ప్రతిసారీ నాకు వచ్చే ఆలోచన ఒకటే. బడి వయసు దాటినవాళ్లకు, చేతిలో పని ఉన్నవాళ్లకు చదువు చెప్పే సంస్థ ఏ కాలంలో ఏ డబ్బుతో బతికింది?

మఠాల లెక్క తెలుసుకోవాలంటే శ్రీశైలం దిగి గుంటూరు సీమకు వెళ్లాలి. 1261 నాటి మల్కాపురం శాసనం గోళకీ మఠపు ఆచార్యుడు, కాకతీయ గణపతిదేవుని గురువు అయిన విశ్వేశ్వర శంభువుది. శ్రీశైలానికి తూర్పు ద్వారమైన త్రిపురాంతకంలోను, కడప దగ్గరి పుష్పగిరిలోను ఆ గోళకీ సంప్రదాయమే వేళ్లూనింది. గణపతిదేవుడు మందడం, రుద్రమదేవి వెలగపూడి ఆయనకు దానమిచ్చారు. ఈనాడు ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్న వెలగపూడి అదే. అక్కడి మఠంలో మూడు వేదాలకు ముగ్గురు, తర్క సాహిత్య ఆగమాలకు ఐదుగురు గురువులు, ఒక వైద్యుడు, లెక్కలు రాయడానికి ఒక కాయస్థుడు ఉండాలని శాసనం నిర్ణయించింది. ఈ కాయస్థుణ్ని చూస్తే నాకు ముచ్చట. చదువుల సంస్థకు లెక్కలు రాసేవాడు లేకపోతే సాగదని ఏడున్నర శతాబ్దాల కిందటే తెలిసినవాళ్లు!

అయితే ఊరు ఇచ్చినవాళ్లు కోరిన చదువే అక్కడ చెప్పారు. మఠాల మండపాలు చెక్కిన కాసెవాళ్ల పని ఆ చదువుల పట్టికలో లేదు. వాళ్ల విద్య తండ్రి నుంచి కొడుకుకు, మేనమామ నుంచి మేనల్లుడికి సాగింది. ఖర్చు పెట్టేవాడు ఎవరో, చదువుకునేవాడూ వాడికి నచ్చినవాడే అవుతాడు. ఈ సూత్రం మల్కాపురంతో పోలేదు. తర్వాత వచ్చిన ప్రతి సంస్థలోనూ అదే కనిపిస్తుంది.

దాన్ని మార్చాలని చూసినవాళ్లలో మన కర్నూలువాడే ఒకడు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1883లో కర్నూలులో పుట్టాడు. ‘స్వరాజ్య’ పత్రికలో రాసిన రాతకు 1908లో జైలుకెళ్లాడు. బయటికొచ్చాక గ్రంథాలయోద్యమాన్ని, వయోజన విద్యను తన పనిగా పెట్టుకున్నాడు. 1914లో బెజవాడలో పుట్టిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని అయ్యంకి వెంకటరమణయ్యతో పాటు నడిపినవాళ్లలో ఆయనది పెద్ద పేరు. ఆ ఉద్యమానికి ఊరు దానమిచ్చే రాజు లేడు. చందాలు, విరాళాలే పెట్టుబడి. 1935లో పాతూరి నాగభూషణం పుస్తకాలను పడవకెక్కించి కృష్ణా కాలువ వెంట పంపాడు. చదువరి గ్రంథాలయానికి రాలేకపోతే గ్రంథాలయమే అతని రేవుకు వెళ్లాలన్నది ఆ పడవ పని. చందాలకు ఆయుష్షు తక్కువ కాబట్టి తర్వాత చట్టం వచ్చింది. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు వసూలయింది. ఇప్పటికీ మన జిల్లా గ్రంథాలయ సంస్థలకు అదే ఆధారం.

స్వాతంత్ర్యం వచ్చాక హైదరాబాదులో మరో దారి తెరుచుకుంది. 1956లో ఏర్పడిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఇంగ్లండులోని హెన్లీ కళాశాలను చూసి పెట్టింది. బేరార్ యువరాజు ఉన్న బెల్లావిస్టా భవనం దాని ఇల్లు. సైన్యాధిపతిగా పనిచేసిన జనరల్ శ్రీనగేశ్ దాని తొలి ప్రిన్సిపాల్. అక్కడ విద్యార్థి తన జేబు నుంచి కట్టడు. అతణ్ని పంపిన కంపెనీ గానీ ప్రభుత్వ శాఖ గానీ కడుతుంది. ఫీజులు, సలహాల మీద వచ్చే రుసుములు కలిసి సంస్థను నిలబెట్టాయి. తెలివైన ఏర్పాటే. కాకపోతే పంపే యజమాని లేనివాడికి ఆ గేటు తెరుచుకోదు.

యజమాని లేనివాళ్ల కోసం ఒక ప్రయత్నం జరిగింది. 1964లో అమెరికా మనస్తత్వవేత్త డేవిడ్ మెక్లెలాండ్ బృందం కాకినాడ చిన్న వ్యాపారులు 52 మందిని జట్లుగా హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు తీసుకెళ్లి, సాధించాలన్న కోరికను పెంచే శిక్షణ ఇచ్చింది. రెండేళ్ల తర్వాత చూస్తే శిక్షణ పొందినవాళ్లు, పొందనివాళ్ల కంటే ఎక్కువ పెట్టుబడి పెట్టారు, ఎక్కువమందికి పని ఇచ్చారు. శిక్షణ ఇచ్చి చేతులు దులుపుకోకుండా రెండేళ్ల తర్వాత తిరిగి వెళ్లి చూడటం! ఈనాటి శిక్షణ సంస్థల్లో ఎన్ని ఆ పని చేస్తున్నాయి?

ఈ చరిత్రలో అన్నిటికంటే పెద్ద అడుగు 1982 ఆగస్టు 26న పడింది. ఆ రోజు ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఆ తరహాలో దేశంలోనే మొదటిది. తొలి వైస్ చాన్సలర్ జి. రాంరెడ్డి. మూడేళ్లకు ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు కేంద్రం దానికీ ఆయననే మొదటి వైస్ చాన్సలర్‌గా తీసుకుంది. అర్హత పరీక్ష గట్టెక్కితే చాలు, పదో తరగతి కాగితం లేకున్నా డిగ్రీలో చేరొచ్చన్నారు. పాఠాలు తెలుగులో అచ్చువేశారు. రేడియోలోనూ చెప్పారు. ఊరూరా కొత్త భవనాలు కట్టలేదు. ఉన్న కాలేజీల్లో సెలవురోజు గదులనే వాడుకుని, అక్కడి లెక్చరర్లనే పిలిచి, అధ్యయన కేంద్రాలు నడిపారు. ఫీజు తక్కువ పెట్టగలిగారంటే ఆ పొదుపు వల్లే. గుమాస్తాలు, కండక్టర్లు, పెళ్లయి చదువు ఆగిపోయిన ఆడవాళ్లు, అందరూ ఆదివారం పొద్దున అదే బల్లల మీద కూర్చున్నారు. 1991లో దానికి అంబేడ్కర్ పేరు పెట్టారు. ఆ పేరుకు తగిన పని అది.

ఆ తర్వాతి కథ హైదరాబాదు అమీర్‌పేటలోని కంప్యూటరు కోచింగు సెంటర్లది. ఖర్చంతా నేర్చుకునేవాడిదే. మార్కెట్టు ఏది అడిగితే అదే చెబుతారు. వేలమందికి అన్నం పెట్టింది, కాదనను. కానీ నల్లమల నుంచి అమీర్‌పేట చాలా దూరం.

మళ్లీ శ్రీశైలం కొండెక్కుదాం. ఇక్కడ 1960ల్లో డ్యాముకు పునాది పడింది. దానికోసం సున్నిపెంటలో కాలనీ వెలిసింది. తెలుగు విశ్వవిద్యాలయం శ్రీశైలంలో చరిత్ర, సంస్కృతి, పురావస్తు పీఠం పెట్టింది. అది మంచిదే. అయితే ఇక్కడ పనిచేసేవాళ్లు ఇంకా ఉన్నారు. దేవస్థానం సిబ్బంది, విద్యుత్ కేంద్రం ఉద్యోగులు, అటవీ శాఖవాళ్లు, యాత్రికులకు దారిచూపే గైడ్లు, చెంచు యువకులు. దోర్నాల ఘాటు దారి పులుల అభయారణ్యం గుండా పోతుంది. రాత్రి తొమ్మిదికి గేటు పడితే మళ్లీ పొద్దున ఆరుకే తెరుస్తారు. అంటే పని ముగించుకుని కిందికి దిగి, సాయంత్రం క్లాసు విని, ఆ రాత్రే ఇల్లు చేరడం ఆ దారిలో సాగదు. పాతూరి పడవ కాలువ వెంట వెళ్లినట్టు, ఇక్కడ బడే కొండెక్కాలి.

ఒక్కరి జేబు మీద ఆధారపడిన సంస్థ ఆ జేబువాడి అవసరమే తీర్చిందని ఇంత చరిత్ర చూశాం. అందుకే నేను అడిగేది ఇది. దేవస్థానం, జెన్‌కో, అటవీ శాఖ తలా ఒక వాటా పెట్టండి. నేర్చుకునేవాళ్ల నుంచి చిన్న ఫీజు తీసుకోండి. తెలుగులో పాఠాలు రాయించండి. కొత్త భవనం వద్దు. సున్నిపెంటలో ఆదివారం ఖాళీగా ఉండే బడిగది తాళం తీయించండి, చాలు.