మట్టి వాకిలికి చలికాలం: మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లో

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతపు పల్లెల్లో ఇంటి ఆవరణను చలికాలానికి సిద్ధం చేయడమంటే ప్రధానంగా నేలను గట్టిపరచడం. కాచుకోవలసినంత చలి ఇక్కడ ఉండదు. వేకువన కురిసే మంచు, పుష్యమాసపు నాలుగు వణుకులు, అంతే. అసలు చిక్కు అంతకుముందు పడే వానలతోనే. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాలకు బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలు తోడైతే మట్టి వాకిలి గుంతలు పడుతుంది, దొడ్డి రొచ్చవుతుంది. అది ఆరీ ఆరకముందే పంట ఇంటికి రావడం మొదలవుతుంది. గింజ రాలేచోట బురదా ఉండకూడదు, దుమ్మూ ఉండకూడదు. వాకిలి బాగుచేత అంతా ఈ అవసరం చుట్టూ ఏర్పడిందే.

1970 ఫిబ్రవరి 2న కొత్త జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలోవి. ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన ఆ జిల్లాకు ప్రకాశం పేరు 1972లో వచ్చింది. కాగితం మీద జిల్లా మారినా ఇళ్ల తీరు చాలాకాలం రాయలసీమదిగానే ఉండిపోయింది. కోస్తాలో పూరిళ్లు, పెంకుటిళ్లు ఎక్కువైతే ఇక్కడ రాతి గోడల మీద దూలాలు పరిచి, పైన చవుడుమన్ను మెత్తిన మట్టిమిద్దెలు కనిపించేవి. మిద్దె పైభాగం కూడా ఆవరణలో భాగమే. వానలు వెనకబట్టగానే దాని మీద మొలిచిన గడ్డి పీకి, నెర్రెలు పూడ్చి, చదును చేసేవారు. ఆ తరువాత మిరపకాయలు, కందులు ఎండేది అక్కడే. కోడి, మేక ఎక్కలేని కళ్లం అది!

కింద పని కసువుతో మొదలయ్యేది. వానకు మొలిచిన గడ్డిని పారతో చెక్కి, గుంతల్లో గరుగుమన్ను పోసి, నీళ్లు చల్లి దిమ్మిసతో కొట్టేవారు. నల్లరేగడి ఊళ్లలో ఈ పని మరీ కష్టం. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే వేలు దూరేంత నెర్రె విడుస్తుంది. అందుకే బండ్ల మీద ఎర్రమట్టి తోలించి పైన ఒక పొర పరిచేవారు. నేల సగం ఆరాక ఆడవాళ్లు పేడ కలిపిన నీళ్లతో అలికేవారు. పేడలో అరగకుండా మిగిలిన గడ్డిపీచు మట్టి రేణువులను పట్టి ఉంచుతుంది. అలుకు ఎండితే పైన పలుచని తోలులాంటి పొర కట్టి, చీపురు తగిలినా దుమ్ము లేవదు. చేయి అర్ధచంద్రాకారంగా తిప్పుతూ వెనక్కి జరుగుతూ అలకాలి, లేకుంటే అలికిన చోటే అడుగు పడుతుంది. ఎండిన వాకిట్లో ఆ వేళ్ల చారలు వరసలు వరసలుగా కనిపించేవి. ఆ పొర ఎక్కువ రోజులు నిలవదు. రోజూ పొద్దున్నే కల్లాపి చల్లడం దాన్ని నిలబెట్టుకునే మార్గం.

జొన్న లాంటి పెద్ద పంటకు ఊరి బయటో చేలోనో కళ్లం చేసేవారు. అక్కడా తీరు ఇదే: చెక్కడం, తడపడం, ఎద్దులతో తొక్కించడం, అలకడం. కంది, అలసంద, ఆముదం లాంటివి కొద్దికొద్దిగా వస్తాయి కాబట్టి వాటిని ఇంటి వాకిట్లోనే కర్రతో కొట్టి రాల్చుకునేవారు. గాలివాటు చూసి చేటతో తూర్పారబట్టేదీ అక్కడే. జొన్నలు దాచే పాతర కూడా కొన్ని ఇళ్లలో ఆవరణలోనే ఉండేది. నీరు నిలవని మెరకన తవ్వి, లోపల గడ్డి పరిచి, గింజలు నింపి, మూత మీద మట్టి మెత్తేవారు. పాతర తెరిచిన వెంటనే మనిషి దిగడు. లోపల గాలి చెడిపోయి ఉంటుంది. ముందు దీపాన్ని తాడు కట్టి దించి, అది ఆరిపోకుండా వెలిగితేనే దిగడం.

పశువుల దొడ్డిలో పని వేరు. పాత వామి అడుగున మిగిలిన గడ్డిని తీసేసి, చెదలు పట్టకుండా రాళ్లు, దుంగలు పేర్చి కొత్త చొప్పకు పీఠం సిద్ధం చేసేవారు. వరిగడ్డి కంభం చెరువు కింది ఊళ్లకే దండి. విజయనగర కాలపు ఆ చెరువు లేనిచోట పశువులకు చొప్పే ఆధారం. కొట్టానికి గాలి కొట్టే వైపున తడికలు కట్టేవారు. రాత్రిపూట ఎద్దుల వీపున గోనెపట్టా కప్పడమూ ఉండేది. కొత్త మేత రాకముందే కంచె వేయాలి. పూర్వం రేగుకంప, తుమ్మకంప కొట్టుకొచ్చేవారు. సర్కారు తుమ్మ వచ్చాక ఆ శ్రమ తగ్గింది. ఈ విదేశీ చెట్టును 1877 ప్రాంతంలో పొరుగునున్న కడప జిల్లా కమలాపురంలో నాటారు. కంచెకూ వంటచెరకుకూ పనికొచ్చిన ఆ చెట్టే తరువాత చెరువు గర్భాలనూ బీళ్లనూ ఆక్రమించింది.

పెరటిలో చలికాలపు పంట చిక్కుడు. వానాకాలం మొదట్లో పెట్టిన పాదు ఆకులతో ఎంత గుబురెక్కినా, పగటిపొద్దు కురచయ్యే దాకా పూతకు రాదు. కార్తీకానికల్లా తీగె పందిరి ఎక్కి ఉండాలని గుంజలు సరిచూసి, కూలిన చోట కొత్త కర్రలు వేసేవారు. మంచుకు పేనుబంక పడితే తెల్లవారుజామున, ఆకు తడిగా ఉండగానే పొయ్యిబూడిద చల్లేవారు. తడి ఉంటేనే బూడిద అంటుకుంటుంది. రథసప్తమినాడు సూర్యుడికి చిక్కుడుకాయలతో రథం కట్టే ఆచారానికి కావలసిన కాయ ఈ పందిరి నుంచే వచ్చేది.

డిసెంబరు నడుమ ధనుర్మాసం ప్రవేశించేసరికి వాకిలి నున్నగా, గట్టిగా సిద్ధమై ఉండేది. నెల పొడవునా ముగ్గులు సాధ్యమైంది అందువల్లే. గుంతలు పడ్డ నేల మీద గీత నిలవదు. వరి తక్కువ పండే ఈ సీమలో బియ్యప్పిండి రోజువారీ ముగ్గుకు దండగ, రాతిపొడే వాడుక. ముగ్గురాయి అని పిలిచే బెరైటీసు ఉమ్మడి కడప జిల్లా మంగంపేటలో భారీగా దొరుకుతుంది. నేడు దాని గిరాకీ ముగ్గులది కాదు, చమురు బావులు తవ్వే కంపెనీలది. గొబ్బెమ్మలకు గుమ్మడిపూలు పెరటిలోవే.

ఇంటి ఆవరణను మొదట మార్చింది సిమెంటు కాదు, రాయి. బడిపిల్లల పలకలకు పేరుపడ్డ మార్కాపురం చుట్టుపక్కల భూమిలోని రాయి పొరలుగా చీలుతుంది. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ శిలలకు కంభం పేరే పెట్టారు. గనిలో తీసిన రాయిలో పలకకు పనికొచ్చేది కొంతే, మిగిలిన దాన్ని వాకిట్లో బండలుగా పరిచేవారు. బండలు పరచుకోగలిగిన ఇంటికి ఏటా ఎర్రమట్టి తోలించే పని తప్పింది. కాగితం, ప్లాస్టిక్ పలకలు వచ్చి బడి గిరాకీ పడిపోయాక ఈ రాయి గోడలకు, నేలకు అలంకారమై విదేశాలకూ వెళ్లింది.

ఆ వెనుక సిమెంటు వచ్చింది. మట్టిమిద్దెల చోట స్లాబులు లేచాయి. ట్రాక్టర్లు, నూర్పిడి యంత్రాలు వచ్చాక వాకిలి కళ్లం పని మానింది. ఇప్పుడు కంకులను తారురోడ్డు మీద పరిచి బండ్ల చక్రాల కింద నలిపిస్తారు. ప్రమాదమని తెలిసినా, అంత గట్టి నేల ఊళ్లో మరొకటి లేదు. ఎద్దులు తగ్గాయి, వాటితో పేడా తగ్గింది. గొబ్బెమ్మలకు సరిపడా పేడ కోసం బర్రెలున్న ఇంటికి వెళ్లి అడిగి తెచ్చుకుంటారు. ప్రహరీకీ మురుగు కాల్వకూ మధ్య మిగిలిన మూరెడు మట్టిలో మాత్రం చిక్కుడు పాదు ఉంటుంది. దాని తీగె గుంజలకు బదులు డాబా మెట్ల కమ్మీకి పాకుతుంది.