గడ్డివామి చరిత్ర

చరిత్రమన్నంతనే మనము రాజుల యుద్ధములను తలంతుము. గడ్డివామికిని చరిత్ర కలదు. పూర్వము ఐస్‌లాండు రైతు వేసవిలో కోసి యెండబెట్టిన గడ్డియే అతని పశువులకు శీతకాలపు మేత. చలి ముదురకముందే వామిని చూచి, వసంతము వరకు ఎన్ని ఆవులకు సరిపోవునో లెక్కించెడివాడు. మిగిలినవానిని వధింపక తప్పెడిది కాదు. అన్నిటిని నిలిపినచో మందయంతయు ఆకలికి గురియగును.

1783 జూన్ 8న ఆ దేశపు దక్షిణభాగమున లాకి వద్ద నేల చీలి లావా పొంగెను. ఎనిమిది మాసములు సాగిన ఆ ఉత్పాతమున వెలువడిన ఫ్లోరిన్ పచ్చికను విషతుల్యము చేసెను. ఆవులలో సుమారు సగము, గొఱ్ఱెలలో ఐదింట నాలుగు వంతులు నశించెను. పాలును మాంసమును కొఱవడి, పిదప వచ్చిన కఱవున జనులలో దాదాపు ఐదవ వంతు మరణించిరి. మేత తఱిగిన యింట మొదట పశువు, పిమ్మట మనిషి కూలుట మనము ఈ చరిత్రలో చూచుచున్నాము.